మాట విన్నవాళ్లని కోడింగ్ దగ్గర కూర్చోనివ్వండి

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్ర, ప్రజారోగ్య విభాగాల అధిపతులకు, పరిశోధన ప్రాజెక్టులు నడిపే పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యాపకులకు, ప్రాజెక్టు డైరెక్టర్లకు,

నమస్కారం. నేను పద్నాలుగేళ్లుగా ఫీల్డులో ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మొదట ఇన్వెస్టిగేటర్‌గా, తర్వాత రీసెర్చ్ అసోసియేట్‌గా. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా చాలా ఊళ్లు తిరిగాను. మీలాంటి పెద్దల దగ్గర చదువుకున్నవాళ్లతో కలిసి పనిచేశాను. చాలాకాలంగా చెప్పాలనుకుని మీటింగుల్లో చెప్పలేకపోయిన మాట ఒకటుంది. ఇంటర్వ్యూ చేసినవాళ్లని ఆ ఇంటర్వ్యూల విశ్లేషణలోనూ కూర్చోబెట్టండి. ఆ విశ్లేషణ తెలుగు మాటల మీదే జరగనివ్వండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్వాలేదు, ఈ రెండూ మాత్రం జరగాలి. ఆ విశ్లేషణలో ముఖ్యమైన పని కోడింగ్. కోడింగ్ అంటే ఇక్కడ ప్రోగ్రాములు రాయడం కాదు, ఇంటర్వ్యూలో ఒక్కో మాటకి, పేరాకి అది దేని గురించో చెప్పే చిన్న పేరు, అంటే కోడ్, పెట్టడం.

సంగతి ఎక్కడ మొదలైందో చెప్తాను.

గర్భసంచి ఆపరేషన్ల మీద ఒక ప్రాజెక్టులో పనిచేశాను. మీకు తెలిసిందే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3 శాతం చిల్లర ఉంటే, మన రెండు రాష్ట్రాల్లోనూ అది అంతకు రెట్టింపు దాటింది. మేం నలుగురం అమ్మాయిలం ఆ ఇంటర్వ్యూలు చేశాం. రికార్డింగులు వేరే ఊళ్లో ఒక ఏజెన్సీకి వెళ్లాయి. వాళ్లు తెలుగు వింటూ నేరుగా ఇంగ్లీషులో టైపు చేశారు. ఆ ఇంగ్లీషు ఫైళ్లు ఇంకో నగరానికి వెళ్లాయి. అక్కడ తెలుగు రాని ఇద్దరు ఎన్‌వివో అనే సాఫ్ట్‌వేర్‌లో కోడింగ్ చేశారు. ఎనిమిది నెలల తర్వాత డ్రాఫ్ట్ రిపోర్టు మా చేతికి వచ్చింది. ఊళ్ల పేర్ల స్పెల్లింగులు ఒకసారి చూసి పెట్టమన్నారు.

అందులో ఒకావిడ మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ నాకు బాగా గుర్తుంది. రెండో కాన్పు గురించి చెబుతూ "నాకు పెద్దాపరేషనే అయింది" అంది. ఆ ఊళ్లల్లో పెద్దాపరేషన్ అంటే కడుపు కోసి బిడ్డను తీయడం. పిల్లలు పుట్టకుండా చేయించుకునేది పిల్లల ఆపరేషన్. గర్భసంచి తీయించుకోవడం ఈ రెండూ కాదు. ఆ మాట ఇంగ్లీషులో 'మేజర్ ఆపరేషన్' అయింది. కోడింగ్ చేసినవాళ్లు దాన్ని గర్భసంచి ఆపరేషన్ కింద వేశారు. దాంతో ఆవిడకి ఇరవై రెండో ఏటే గర్భసంచి తీసేసినట్టు రిపోర్టులో వచ్చింది. నిజానికి తీసింది ముప్ఫై నాలుగో ఏట. ఆ వయసు సంఖ్యే ఆ అధ్యాయానికి గుండెకాయ.

ఫోన్ చేసి చెప్పాను, మర్యాదగానే విని సరిచేశారు. వాళ్లని తప్పు పట్టడం లేదు. తెలుగు రానివాళ్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? కానీ ఆ పేజీ నా చేతికి వచ్చింది కాబట్టి బయటపడింది. మిగతా ముగ్గురిలో ఇద్దరు అప్పటికే ఉద్యోగం మారిపోయారు. వాళ్లు చేసిన ఇంటర్వ్యూల్లో ఏది ఏమైందో చూసేవాళ్లే లేరు.

'పెయిన్' అనే కోడ్ సంగతి చూడండి. ఆ ఆడవాళ్లు మాకు చెప్పిన మాటలు నా డైరీలో ఉన్నాయి. పొత్తికడుపులో పోటు. నడుం లాగుతుంది. సలుపు. మంట. కాళ్లు తీపులు. తెలంగాణ వైపు గుంజుడు. "లోపలేదో కిందికి జారుతున్నట్టుంటది." ఇంగ్లీషు ట్రాన్స్‌క్రిప్టులో వీటిలో ముప్పాతిక వంతు పెయిన్ అనే ఒక్క మాటే అయ్యాయి. పోటు పొడిచినట్టు వచ్చి పోతుంది. సలుపు పోదు, రాత్రంతా ఉంటుంది. తీపులు ఒంటెడు చాకిరీ చేసినదానికి వచ్చేవి. ఇక జారుతున్నట్టుండటం గర్భసంచి కిందికి దిగినప్పటి లక్షణం కావచ్చు, డాక్టరు దగ్గర దాని దారే వేరు. ఎవరికి నిజంగా ఆపరేషన్ అవసరమైంది, ఎవరికి కాలేదు అన్నది తేల్చడానికే కదా ఆ ప్రాజెక్టు పెట్టింది! ఆ తేడా పట్టించే మాటలన్నీ మొదటి మెట్టులోనే కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా అవి తిరిగి రావు.

ఇంకొకటి చెప్తాను, ఇది నల్గొండ జిల్లాలో. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. వాకిట్లో అత్త బియ్యం చెరుగుతోంది. "డాక్టరు తీసేయాలి అన్నప్పుడు మీకేమనిపించింది?" అని అడిగాను. ఆమె అత్త వైపు ఒకసారి చూసి "ఏముంటదక్కా, నా రాత" అన్నది. నేనూ ఊరుకున్నాను. ఇంతలో మేక దేంట్లోనో మూతి పెట్టిందని అత్త లేచి అటు పోయింది. అప్పుడు ఆమె గొంతు బాగా తగ్గించి, "పైసలు మా అన్న తెచ్చిండు. ఈ ఇంట్ల నుంచి ఒక్క రూపాయి ఇయ్యలే" అన్నది. రిపోర్టులో 'నా రాత' అన్న మాట ఫేటలిజం అనే కోడ్ కింద చేరింది. గ్రామీణ స్త్రీలు ఆపరేషన్‌ని విధిరాతగా భావిస్తున్నారని దాని పక్కన ఒక వాక్యం రాశారు. రెండో మాట గొంతు తగ్గించి చెప్పింది కదా, ట్రాన్స్‌క్రిప్టులో అక్కడ 'వినిపించడం లేదు' అని ఉంది. నా డైరీలో ఆ మాట పూర్తిగా ఉంది. ఆ డైరీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తాను. మన దగ్గర చాలామంది దీన్ని అంకెల లెక్కలు చేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ లాంటిదనుకుంటారు. డేటా వేసి బటన్ నొక్కితే టేబుల్ వచ్చినట్టు, ట్రాన్స్‌క్రిప్టులు వేసి బటన్ నొక్కితే థీమ్‌లు, అంటే ముఖ్యాంశాలు, వస్తాయని. వైవాలో "ఏ సాఫ్ట్‌వేర్ వాడావు?" అనే ప్రశ్న విన్నాను, "కోడ్‌లు ఎలా పెట్టుకున్నావు, ఎక్కడ మార్చావు?" అనే ప్రశ్న చాలా తక్కువసార్లు విన్నాను. అందుకే స్కాలర్లు డబ్బులిచ్చి బయట ఎవరిచేతో వర్డ్ క్లౌడ్, అంటే ఎక్కువసార్లు వచ్చిన మాటని పెద్దగా చూపే బొమ్మ, చేయించుకుని థీసిస్‌లో పెడుతున్నారు. తెలుగు ట్రాన్స్‌క్రిప్టుతో వర్డ్ క్లౌడ్ చేస్తే అన్నిటికంటే పెద్దగా కనిపించేవి 'అంటే', 'మరి', 'అని', 'అట్ల'. వాటిని పక్కన పెట్టాలని దానికి తెలియదు, మనమే ఒక జాబితా చేసి ఇవ్వాలి.

ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టిన కథ తెలిస్తే వీటిని ఎందుకు చేశారో అర్థమవుతుంది. 1981లో మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో లిన్ రిచర్డ్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, కంప్యూటర్ సైన్స్ మనిషి అయిన టామ్ రిచర్డ్స్ కలిసి మొదలుపెట్టిన ప్రోగ్రామే తర్వాత ఎన్‌వివోకి దారి తీసింది. అంతకుముందు ట్రాన్స్‌క్రిప్టుల్ని జిరాక్స్ తీసి, కత్తెరతో ముక్కలు చేసి, కవర్లలో వేసుకునేవాళ్లు. ముక్క కవర్లోకి వెళ్లాక అది ఎవరన్నారు, దాని ముందు ఏముంది, వెనక ఏముంది అన్నది పోయేది. బెర్లిన్‌లో థామస్ మూర్ అట్లాస్ టీఐని, ఉడో కుకార్ట్స్ మాక్స్‌క్యూడీఏని తయారుచేసినా అవసరం ఇంచుమించు అదే. కుకార్ట్స్ తన ప్రోగ్రాముకి పెట్టుకున్న 'మాక్స్' అనే పేరు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ మీద గౌరవంతో పెట్టినది. కోడ్ మీద నొక్కితే ఆ మనిషి అసలు మాట దగ్గరికి, ఆ మాట ముందూ వెనకా ఉన్న సంభాషణ దగ్గరికి తిరిగి తీసుకెళ్లడమే వీటన్నిటి అసలు పని. మరి మనం నొక్కితే ఎక్కడికి వెళ్తున్నాం? ఏజెన్సీ వాళ్లు టైపు చేసిన ఇంగ్లీషు దగ్గరికి. ఆమె మాట దగ్గరికి కాదు.

ఈ మూడు ప్రోగ్రాముల్లోనూ 'ఇన్ వివో కోడ్' అనే సదుపాయం ఉంది. మాట్లాడిన మనిషి వాడిన మాటనే కోడ్ పేరుగా పెట్టేయడం. 1967లో గ్లేసర్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు గ్రౌండెడ్ థియరీ (సేకరించిన మాటల నుంచే సిద్ధాంతం కట్టే పద్ధతి) అని చెప్పినప్పటి నుంచి మనుషుల సొంత మాటలకి విలువివ్వడం ఈ పద్ధతిలో ఉన్నదే. మనం పాఠంలో చెప్తాం, పరీక్షలో రాయిస్తాం. ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి కోడ్‌బుక్, అంటే కోడ్‌ల జాబితా, ఇంగ్లీషులో ముందే తయారై వస్తుంది: ఏజెన్సీ (సొంతంగా నిర్ణయించుకోగలగడం), స్టిగ్మా (నలుగురిలో చిన్నచూపు), కోపింగ్ (తట్టుకుని నెట్టుకురావడం).

తెలుగులో చేస్తే ఏం దొరుకుతుందో నా కళ్లతో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆ ప్రాజెక్టు అయిన రెండేళ్లకి ఇంకో చిన్న అధ్యయనం వచ్చింది, విషయం అదే. ఇరవై నాలుగు ఇంటర్వ్యూలు. ఈసారి ప్రాజెక్టు నడిపిన మేడమ్ మా మాట విన్నారు. తెలుగులోనే ట్రాన్స్‌క్రిప్టులు చేసుకున్నాం, యాసలు దిద్దకుండా. ఇంటర్వ్యూలు చేసిన నలుగురం ఒక గదిలో పదకొండు రోజులు కూర్చున్నాం. గోడకి ప్రొజెక్టర్, పక్కన చార్టు పేపర్లు. 'నిర్ణయం ఎవరిది' అనే కోడ్ దగ్గర మూడో రోజు పెద్ద గొడవే అయింది. ఒకే పేరా మీద నేను 'తన నిర్ణయం' అని వేశాను, నా తోటి అమ్మాయి 'ఇంటివాళ్ల నిర్ణయం' అని వేసింది. ఇద్దరం పట్టు వదల్లేదు. ఆ పేరాని గట్టిగా చదివి వినిపించమన్నారు మేడమ్. చదువుతుంటే మాకే వినిపించింది.

'తీయించుకున్నాను' అంటుంది ఒకచోట. 'తీయించారు' అంటుంది ఇంకోచోట. చివర్లో 'తీసేశారు' అంటుంది. మూడూ ఒకే ఆపరేషన్ గురించి, ఒకే మనిషి నోటి నుంచి. తీయించుకున్నాను అంటే తాను కోరి, తనకోసం చేయించుకున్నట్టు. తీయించారు అంటే మొగుడో అత్తో తల్లో పూనుకుని చేయించినట్టు. తీసేశారు అంటే డాక్టర్లు తీసేశారు, తన ప్రమేయం లేదు. తెలుగు క్రియ చివర్లోనే ఆ నిర్ణయం ఎవరిదో ఉంది. ఇంగ్లీషులో ఈ మూడూ ఒకటే వాక్యం అయిపోతాయి. ఆ రోజు సాయంత్రం 'నిర్ణయం ఎవరిది' అన్న కోడ్‌ని తీసేసి, ఈ మూడు మాటల్నీ మూడు కోడ్‌లుగా పెట్టుకున్నాం. మళ్లీ మొదటి నుంచి ఇరవై నాలుగు ఇంటర్వ్యూలూ తిరగేశాం. ఇంటర్వ్యూ మొదట్లో, పరిచయం లేనప్పుడు 'తీయించుకున్నా' అన్నవాళ్లు గంట గడిచాక, మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నాక 'తీసేశారు' అనడం ఒకరిద్దరి దగ్గర కాదు, చాలామంది దగ్గర కనిపించింది. ఏ మాట ఇంటర్వ్యూలో ఎన్నో నిమిషంలో వచ్చిందో, పక్కన ఎవరున్నారో చూడటానికి సాఫ్ట్‌వేర్ ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. కాగితాలతో అయితే నెల పట్టేది.

అందుకే నేను సాఫ్ట్‌వేర్‌కి వ్యతిరేకిని కాదు. బాగా వాడితే బంగారం. కానీ జట్టుగా వాడటం మనకి ఎవరూ నేర్పలేదు. ఒక అనుభవం చెప్పాలి. ఓ ప్రాజెక్టులో ముగ్గురం మూడు లాప్‌టాప్‌ల మీద కోడింగ్ చేసి, చివర్లో మూడు ఫైళ్లూ కలిపాం. ఆఫీసులో ఇన్‌స్టాల్ చేసిన అబ్బాయి మూడిట్లోనూ యూజర్ పేరు 'అడ్మిన్' అనే పెట్టాడు. కలిపాక చూస్తే కోడింగ్ అంతా ఒక్క అడ్మిన్ చేసినట్టే ఉంది. ఎవరు ఏది వేశారో తెలియదు, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకునే దారి లేదు. దానికి తోడు, ఫైళ్లు కలిపేటప్పుడు అది కోడ్‌లని పేరుని బట్టి జతచేస్తుంది. ఒకరు 'అప్పు' అని, ఒకరు 'అప్పులు' అని, ఒకరు ఇంగ్లీషులో డెట్ అని పెట్టుకున్నారు. మూడూ మూడు కోడ్‌లుగా నిలబడ్డాయి. రెండు వారాల పని మళ్లీ చేశాం, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. మొదటి రోజు పది నిమిషాలు కూర్చుని ఎవరి పేరు వాళ్లు పెట్టుకుని, కోడ్ పేర్లు ఒకచోట రాసుకుని ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు.

తెలుగుతో వచ్చే చిక్కులు కూడా దాచను. పాత ట్రాన్స్‌క్రిప్టులు చాలావరకు అను అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు వస్తాయి, ముందు అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. వెతకడంలో ఇంకో ఇబ్బంది. 'ఇల్లు' అని వెతికితే ఇంట్లో, ఇంటికి, ఇంటోళ్లు ఏవీ దొరకవు. ఇంగ్లీషులో మాట మూలం పట్టుకుని వెతికిపెట్టే సదుపాయం నేను వాడిన వర్షన్లలో తెలుగుకి లేదు. అందుకని 'ఇంట' అని ముక్క పెట్టి వెతుక్కుంటాం. 'డాక్టర్‌గారు' అన్నది ఒకరు కలిపి, ఒకరు విడదీసి టైపు చేస్తే కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. ఇవన్నీ అలవాటయ్యే ఇబ్బందులే. ట్రాన్స్‌క్రిప్షన్‌కి ముందే ఒక పేజీ నియమాలు రాసుకుంటే సగం తీరిపోతాయి. వీటిని చూపించి "తెలుగులో కుదరదు, ఇంగ్లీషే నయం" అనకండి.

కప్పా గురించి కూడా ఒక మాట. 1960లో జేకబ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోడింగ్ చేసిన ఇద్దరి మధ్య ఏకీభావం కొలవడానికి ఇప్పుడు వాడే లెక్క అది, ఆయన చెప్పినదే. 0.61 దాటితే బాగున్నట్టు అని 1977 నాటి ఒక పట్టిక చూసి అందరూ రాస్తారు. ఎన్‌వివో ఆ లెక్కను టెక్స్టులోని క్యారెక్టర్లని బట్టి వేస్తుంది. ఒకరు ఒక వాక్యానికి కోడ్ వేసి, ఇంకొకరు అదే కోడ్‌ని పేరా మొత్తానికి వేస్తే, ఇద్దరి అభిప్రాయం ఒకటే అయినా కప్పా పడిపోతుంది. పైగా మనం ఒక అక్షరం అనుకునే 'స్త్రీ' కంప్యూటర్ లెక్కలో ఆరు. ఆ సంఖ్య మీద అంత భారం వేయకండి. మా 'తీయించుకున్నాను' గొడవలో కప్పా చాలా తక్కువ వచ్చేది, కానీ ఆ అధ్యయనంలో దొరికిన మేలైన విషయం ఆ గొడవలోనే దొరికింది. థిమాటిక్ ఎనాలిసిస్ (మాటల్లోంచి ముఖ్యాంశాలు తీసే విశ్లేషణ) మీద 2006లో అందరూ ఉదహరించే వ్యాసం రాసిన బ్రౌన్, క్లార్క్ కూడా తమ పద్ధతికి ఈ కొలత నప్పదనే చెప్తున్నారు. రిపోర్టులో కప్పా అడిగే రివ్యూయర్ ఉంటే ఇవ్వండి. దానికోసం జట్టులో తేడాలని ముందే చదును చేయించకండి.

"ఇంటర్వ్యూ చేసినవాళ్లకి పక్షపాతం ఉంటుంది, బయటివాళ్లు కోడ్ చేస్తేనే నిష్పాక్షికం" అని ఒక సీనియర్ ప్రొఫెసర్ నాతో అన్నారు. గౌరవంతోనే విభేదిస్తున్నాను. నల్గొండ అరుగు మీద అత్త ఎప్పుడు లేచి వెళ్లిందో తెలియడం పక్షపాతం కాదు, అది కూడా డేటాయే. మా మీద అనుమానం ఉంటే మా చేత మెమోలు, అంటే కోడింగ్ చేస్తూ మాకు తోచినవాటి నోట్సు, రాయించండి, మా ఊరు, కులం, వయసు, మేం ఎలా ప్రశ్నలడిగామో రాయించండి. గుణాత్మక అధ్యయనాల రిపోర్టింగుకి 2007లో వచ్చిన 32 అంశాల కోరెక్ జాబితా కూడా ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎవరు, ఎంతమంది కోడ్ చేశారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు అని అడుగుతుంది. అడిగినవన్నీ చెబుదాం. ఆ జాబితాలో సాఫ్ట్‌వేర్ పేరు ఒక్క గడి మాత్రమే.

ఇదంతా కొత్తగా నేర్చుకోవలసింది కూడా కాదు. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లని కలిసి, వాళ్ల మాటల్ని వాళ్ల తెలుగులోనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. ఒక బృందంగా చేశారు. ఇంగ్లీషు రూపం ఆ తర్వాత, 1989లో వచ్చింది. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. టేప్ రికార్డర్ల రోజుల్లో సాధ్యమైన వరస ఇప్పుడెందుకు తిరగబడిందో నాకు అర్థం కాదు.

ఖర్చు అంటారా? లెక్క చూడండి. గంట ఇంటర్వ్యూని రాసుకోవడానికే ఆరేడు గంటలు పడుతుంది, అనువాదం దాని మీద అదనం. అరవై ఇంటర్వ్యూలు మొత్తం ఇంగ్లీషులోకి మార్పించే డబ్బుతో, ఇంటర్వ్యూలు చేసినవాళ్లకి పక్షం రోజుల జీతం ఇచ్చి కూర్చోబెట్టవచ్చు. పేపర్లోకి వెళ్లే కొటేషన్లు ఎన్ని? ముప్ఫైయో నలభైయో. వాటిని మాత్రం జాగ్రత్తగా, ఇద్దరు కూర్చుని అనువదిద్దాం. లైసెన్సులకి డబ్బు లేకపోతే క్వాల్‌కోడర్ ఉంది, టాగెట్ ఉంది, రెండూ ఉచితం. టాగెట్‌ని మీ విభాగం సర్వర్లోనే పెట్టుకుంటే నలుగురు ఒకేసారి ఒకే ప్రాజెక్టులో పనిచేయవచ్చు. తెలుగు రెండిట్లోనూ చక్కగా కనిపిస్తుంది. ఖరీదైనది వాడినా, ముగించేటప్పుడు ఆ ప్రాజెక్టుని, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చుకునేందుకు 2019లో వచ్చిన రెఫీ-క్యూడీఏ ఫార్మాట్‌లో ఒక కాపీ తీసి దాచండి. లైసెన్సు అయిపోయి తెరుచుకోని ఫైళ్లు మన విభాగాల్లో ఎన్ని పడున్నాయో మీకే తెలుసు.

ఈ మధ్య ఇంకో ఒత్తిడి మొదలైంది. ఈ సాఫ్ట్‌వేర్లలో ఇప్పుడు ఏఐ వచ్చింది, కోడింగ్ కూడా అదే సూచిస్తుంది, ఇక మనుషులెందుకు అంటున్నారు. సంతకం తీసుకునేటప్పుడు ఆ ఆడవాళ్లకి నేను చదివి వినిపించిన మాట ఇది: "మీరు చెప్పింది మా టీమ్ దగ్గరే ఉంటుంది." గర్భసంచి గురించి, తెల్లబట్ట గురించి, మొగుడి గురించి ఆ మాట నమ్మి చెప్పారు. వాళ్ల మాటల్ని ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపే ముందు దయచేసి ఆ సమ్మతి పత్రం ఒకసారి తీసి చదవండి. పంపాలనుకుంటే ఆ పత్రంలో అలాగే రాసి, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పి, అప్పుడు అడుగుదాం.

పేరు సంగతి కూడా చెప్పాలి, మొహమాటం లేకుండా. నేను చేసిన ఇంటర్వ్యూలతో వచ్చిన పేపర్లలో చాలావాటిలో నా పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు. 'ఫీల్డ్ టీమ్‌కి ధన్యవాదాలు' అని ఉంటుంది. మెడికల్ జర్నల్స్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం రచయిత కావాలంటే రాతలోనూ పాలు ఉండాలి అని మాకు చెప్తారు. అదే నియమాల్లో, డేటా సేకరణలోనో విశ్లేషణలోనో ముఖ్యమైన పని చేసినవాళ్లకి ఆ రాతలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. ఆ అవకాశమే మేం అడుగుతున్నది. కోడింగ్ గదిలోకి రానివ్వకపోతే రాత దాకా ఎలా వస్తాం?

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్సు వర్కుకి కనీసం 12 క్రెడిట్లు ఉన్నాయి. అందులో ఒక వారం ఇవ్వండి. ఒక తెలుగు ట్రాన్స్‌క్రిప్టు తీసుకుని నలుగురు స్కాలర్లు విడివిడిగా కోడ్ చేసి, తర్వాత ఒకచోట కూర్చుని ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి, అంతే. పిలిస్తే నేను సొంత ఖర్చులతో వచ్చి కూర్చుంటాను. మా ఇరవై నాలుగు ఇంటర్వ్యూల కోడ్‌బుక్, పేర్లూ ఊళ్లూ తీసేసి, తెలుగులో సిద్ధంగా ఉంది. మేడమ్ అనుమతి ఇచ్చారు, ఎవరికి కావాలన్నా ఇస్తాం.

చివరిగా, మీరు తర్వాత రాయబోయే ప్రాజెక్టు ప్రతిపాదన గురించి. అందులో ట్రావెల్, లైసెన్సు, ట్రాన్స్‌క్రిప్షన్ అని బడ్జెట్ వరసలు ఉంటాయి కదా. వాటి కింద ఇంకొక్క వరస చేర్చండి: "ఇంటర్వ్యూలు చేసినవారితో తెలుగులో కోడింగ్, 12 రోజులు, వేతనంతో."

ఇట్లు,
మీ ప్రాజెక్టుల కోసం ఊళ్లు తిరిగే ఒక క్షేత్ర పరిశోధకురాలు